మీకు తెలుసా? లూపు నుంచి ఛాయ దాకా

కాపర్-టీ వేయించుకున్న ఆడవాళ్లు ఇప్పటికీ "లూపు వేయించుకున్నా" అనే అంటారు. అసలు లూపు మన ఆసుపత్రుల్లోంచి పోయి ఎన్నో ఏళ్లయింది. జాక్ లిప్పీస్ అనే అమెరికన్ డాక్టరు తయారుచేసిన ప్లాస్టిక్ సాధనం అది. మెలికలు తిరిగిన తీగలా ఉండేది, చివర దారం వేలాడేది. 1965లో మన ప్రభుత్వం దాన్ని దేశమంతటా తెచ్చింది. వేయడం మీద పెట్టిన శ్రద్ధ, వేశాక ఆ మనిషి ఎలా ఉందో చూడడం మీద పెట్టలేదు. నొప్పి వచ్చినా, రక్తం ఆగకుండా పోయినా అడిగే దిక్కు లేకపోయింది. కొద్ది ఏళ్లలోనే లూపు పేరు చెడింది. ఆ తర్వాత రాగి చుట్టిన టీ వచ్చింది. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది, దాంతోపాటు పాత భయమూ ఉండిపోయింది.

లోపల పెట్టింది మెల్లగా పైకి పాకి గుండెకు చేరుతుందన్నదే ఆ భయం. నాకు తెలిసిన ఒక నర్సమ్మ ఈ మాట వినపడితే వాదనకు దిగేది కాదు. బీరువాలోంచి ఒక కాపర్-టీ తీసి, అడిగిన మనిషి అరచేతిలో పెట్టేది. తెల్లటి మెత్తని ప్లాస్టిక్, అగ్గిపుల్ల కన్నా పొట్టి. నిలువు కాడ చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ, రెండు చేతుల మీద చిన్న రాగి తొడుగులు, కింద రెండు దారాలు. "వంచి చూడమ్మా" అనేది. వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ టీ అవుతుంది. గర్భసంచికీ గుండెకూ మధ్య దారే లేదని అప్పుడు చెప్పేది. వేసేటప్పుడు గర్భసంచి గోడకు గుచ్చుకునే ప్రమాదం ఒకటి నిజంగానే ఉంది. అది వెయ్యి మందిలో ఒకరిద్దరికి జరుగుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లతోనే వేయించుకోవాలి. మొదటి కొన్ని నెలలు నెలసరి ఎక్కువగా, కాస్త నొప్పిగా అవుతుంది. ఈ సంగతి ముందే చెబితే కంగారు పడి తీయించేసుకునేవాళ్లు చాలామటుకు తగ్గుతారు.

380-ఎ అని రాసి ఉంటుంది కదా, ఆ అంకె రాగి లెక్క. వీర్యకణాలకు తగిలే రాగి ఉపరితలం 380 చదరపు మిల్లీమీటర్లన్నమాట. రాగి వీర్యకణాలను కదలనివ్వదు, అండం దాకా చేరనివ్వదు. ఒకసారి వేయిస్తే 10 ఏళ్లు పనిచేస్తుంది. తీయించిన నెలలోనే గర్భం రావచ్చు. కాన్పయిన 48 గంటల్లోపు, ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే వేయించుకోవచ్చన్న సంగతి మాత్రం మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

◆

ప్రపంచంలో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం మనదే. 1952లో మొదలైంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1921లో, బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అనే లెక్కల మాష్టారు ఈ సలహాలు ఇవ్వడానికి క్లినిక్ తెరిచాడు. ఆ పని మానుకోనందుకు కాలేజీ ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. 1930లో మైసూరు సంస్థానం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఇలాంటి క్లినిక్‌లు పెట్టింది.

◆

మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పెళ్లయిన 15–49 ఏళ్ల ఆడవాళ్లలో, దేశం మొత్తం మీద ఆపరేషన్ చేయించుకున్నవారు నూటికి 38 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 మంది. తెలంగాణలోనూ 60 దాటారు. మగవాళ్ల వేసెక్టమీ మీద ఆధారపడ్డ జంటలు దేశంలో వెయ్యికి మూడు.

ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటాం. కాదు. 1960లలో, 70ల మొదట్లో దేశంలో జరిగిన కు.ని. ఆపరేషన్లలో ఎక్కువ భాగం మగవాళ్లవే. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో, టౌన్ హాల్లో, ఒక్క నెలలో 60 వేల పైచిలుకు వేసెక్టమీలు చేశారు. ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976–77లో ఒక్క ఏడాదిలో దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో 60 లక్షల పైన మగవాళ్లవి. లక్ష్యాలు పెట్టి, రేషన్లు ఆపి, జీతాలు ఆపి, పట్టుకెళ్లి మరీ చేశారు. ఆ మరుసటి ఏడాది ఆపరేషన్ల మొత్తం లెక్క 10 లక్షల లోపుకు పడిపోయింది. ప్రభుత్వాలకు మగవాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్లే ధైర్యం లేకపోయింది. బరువంతా ఆడవాళ్ల కడుపు మీదకు వచ్చింది. మగవాళ్ల మీద జరిగిన బలవంతానికి యాభై ఏళ్లుగా ఆడవాళ్లు కోత పెట్టించుకుంటున్నారు. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

రెండు ఆపరేషన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ బాధ ఇంకా పెరుగుతుంది. ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీలో పొట్ట కోసి లోపలికి వెళ్లాలి. వేసెక్టమీలో వీర్యనాళాలు చర్మం కిందే ఉంటాయి, వేలికి తగులుతాయి. చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు 1974లో కత్తి గాటే లేకుండా చేసే పద్ధతి కనిపెట్టాడు. చిన్న రంధ్రం, కుట్లుండవు, పావుగంట ఇరవై నిమిషాల పని. ఆ పూటే నడిచి ఇంటికి పోవచ్చు. మగతనం తగ్గదు, ఎందుకంటే దానికి కావలసిన హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, ఆ నాళాల్లోంచి కాదు. వీర్యం పరిమాణం కూడా తగ్గినట్టు తెలియదు. అందులో కణాల వాటా నూటికి అయిదు కన్నా ఎక్కువ ఉండదు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, వారం పాటు బరువులు మోయకుండా ఉంటే చాలు. పొలం పని, మేస్త్రీ పని అంతా యథావిధిగా చేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త ముఖ్యం. ఆపరేషన్ అయిన రోజు నుంచే పనిచేయదు. నాళాల్లో మిగిలిన కణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా నిరోధ్ (కండోమ్) వాడాలి, మూడు నెలలకు వీర్య పరీక్ష చేయించాలి. ఈ సంగతి చెప్పకపోవడం వల్ల భార్య నెల తప్పి, ఆవిడ శీలం మీద నింద పడిన కాపురాలున్నాయి.

◆

కొబ్బరి నూనె కండోమ్‌కు శత్రువు. వాజ్‌లైన్, వంటనూనె, బేబీ ఆయిల్ కూడా అంతే. రబ్బరు పాలతో చేసిన ఆ పొర నూనె తగిలిన కొద్ది నిమిషాల్లోనే బలం కోల్పోతుంది. కంటికి ఏమీ తేడా కనపడదు, చిరిగాకే తెలుస్తుంది. తడి కావాలంటే నీటితో తయారైన జెల్లీ మెడికల్ షాపులో దొరుకుతుంది.

ఒకటి కన్నా రెండు మంచివనుకుని ఒకదాని మీద ఒకటి వేసుకోకూడదు. రాపిడికి రెండూ చిరుగుతాయి. పర్సులో పెట్టి నెలల తరబడి దాని మీద కూర్చుంటే వేడికీ ఒత్తిడికీ పాడవుతుంది. పళ్లతో చింపకూడదు. చివర ఉన్న చిన్న బొడిపెను రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి తొడుక్కోవాలి. గాలి మిగిలితే అక్కడే పగులుతుంది.

సరిగ్గా వాడితే అది ఎంత గట్టిదో తెలుసా? అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు సైజు కండోమ్‌లోకి గాలి కొడితే కనీసం 18 లీటర్లు పట్టాలి, అంతకు ముందు పగలకూడదు. తయారైన ప్రతి విడతలోంచీ కొన్ని తీసి ఇలా ఊది చూస్తారు. ఇక లెక్కంటారా, ఎప్పుడూ తప్పకుండా, సరిగ్గా వాడే జంటల్లో ఏడాదికి నూటికి ఇద్దరికి గర్భం వస్తుంది. అప్పుడప్పుడూ మానేసి, అరకొరగా వాడేవాళ్లను కలిపి చూస్తే 13 మందికి. ఆ తేడా అంతా వాడకంలోనిదే, రబ్బరులోది కాదు.

◆

నిరోధ్ ఊరూరా దొరికేలా చేసింది టీ పొట్లాలూ సబ్బులూ అమ్మే కంపెనీలే. 1968లో ప్రభుత్వం నిరోధ్‌ను తెచ్చినప్పుడు మూడింటికి 15 పైసలు పెట్టారు. అగ్గిపెట్టె దొరికే చోటల్లా ఇదీ దొరకాలనుకుని, బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్తాన్ లీవర్ లాంటి సంస్థల పంపిణీ బండ్లలోనే కిరాణా కొట్లకు చేర్చారు. మొదట విదేశాల నుంచి తెప్పించారు. 1969 నుంచి తిరువనంతపురంలోని హిందుస్తాన్ లేటెక్స్ ఫ్యాక్టరీలో తయారు చేశారు. అప్పట్లో బాహాటంగా కిరాణా కొట్లో పెట్టి అమ్మినదాన్ని ఇప్పుడు నల్ల కవర్లో చుట్టి, కళ్లు పక్కకు తిప్పుకుని ఇస్తున్నారు. కొనేవాడిని తప్పు చేసినవాడిలా చూడకూడదు. ఆ షాపులో అంత బాధ్యత తెలిసిన గిరాకీ ఇంకొకరు ఉండరు.

◆

మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రల షీటులో 28 బిళ్లలుంటాయి. తెల్లవి 21, ముదురు రంగువి 7. గర్భం ఆపేవి తెల్లవే. తక్కినవి ఐరన్ బిళ్లలు. వాటి ఉద్దేశం రెండు విధాల మంచిది: మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఇనుము అందుతుంది, రోజూ ఒకటి వేసుకునే అలవాటూ తప్పదు. తెల్లదొకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజుది మామూలు వేళకు వేసుకోవాలి. వరుసగా రెండు మూడు మరిచిపోతే మాత్రం ఆ షీటును నమ్ముకోకూడదు, వారం పాటు నిరోధ్ కూడా వాడాలి.

ఈ మాత్రలు క్యాన్సర్ తెస్తాయని వినపడుతుంటుంది. అండాశయం క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని ఇవి తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్ అవకాశం వాడుతున్న కాలంలో కొద్దిగా పెరుగుతుంది, మానేశాక మెల్లగా మామూలుకు వస్తుంది. బీపీ ఉన్నవాళ్లు, 35 దాటి పొగ తాగేవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు వీటి జోలికి పోకూడదు. పాలిచ్చే తల్లులు మొదటి ఆరు నెలలు వాడకూడదు.

టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. టీబీ మందు ఇచ్చే చోట "పిల్లలు కాకుండా ఏమైనా వాడుతున్నావా తల్లీ?" అని ఒక్క మాట అడిగితే ఎన్ని అవస్థలు తప్పుతాయో.

◆

వారానికి ఒక్కటే మాత్ర, హార్మోన్ లేనిది, మన దేశంలోనే పుట్టింది. ఇంత గొప్ప సంగతి మనకు ఇంకా పాతవార్త కాకపోవడమే ఆశ్చర్యం. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి తయారు చేసిన సెంట్‌క్రోమన్ 1991లో 'సహేలి' పేరుతో బజారులోకి వచ్చింది. ఇప్పుడు 'ఛాయ' పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి, మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. ఆదివారమో, సంత రోజో, ఏదో ఒక వారం పెట్టుకుంటే గుర్తుంటుంది. పాలిచ్చేవాళ్లూ వాడవచ్చు. నెలసరి కాస్త వెనక్కి జరగడం మామూలే. పదిహేను రోజులు దాటితే పరీక్ష చేయించుకోవాలి.

◆

'అంతర' అనే మూడు నెలల సూది 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. దాని వెనక కథలో మన ఊరొకటి ఉంది. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని పరీక్షించడానికి ఆడవాళ్లను పోగు చేశారు. ఇది పరీక్ష అని, ఫలానా ఇబ్బందులు రావచ్చని వాళ్లకు సరిగ్గా చెప్పలేదు. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి ప్రశ్నించారు. మరుసటి ఏడాది ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. సూదుల విషయంలో ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆచితూచి నడవడానికి ఇలాంటి పోరాటాలే కారణం. ఆ బృందమే హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌తో కలిసి ఆడవాళ్ల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం తెచ్చింది. మన శరీరం గురించి మన మాటల్లో రాసిన పుస్తకం అది.

సూది మంచిదా చెడ్డదా అన్నది కాదు వాళ్ల తగవు. అడిగి వేశారా, చెప్పి వేశారా అన్నది. ఇవాళ అంతర వేయించుకునే మనిషికి నర్సు చెప్పవలసినవి ఇవి: నెలసరి గాడి తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది, అది జబ్బు కాదు. మానేశాక గర్భం రావడానికి, చివరి సూది దగ్గర్నుంచి లెక్కేస్తే, ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడుకోక తప్పని మనిషికి ఇంతకు మించినది లేదు.

◆

72 గంటల మాత్ర గర్భం తీసేసే మాత్ర కాదు. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు అండం విడుదలను వాయిదా వేస్తుంది, అంతే. అప్పటికే గర్భం నిలిచి ఉంటే దానికి ఏమీ చేయదు. కలిసిన తర్వాత 72 గంటలు గడువే గానీ, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. వేసుకున్న రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. వేసుకున్న తర్వాత కలిసినదానికి అది రక్షణ ఇవ్వదు. నెలకు మూడు నాలుగుసార్లు ఇదే వాడుతున్న అమ్మాయిలున్నారు. వాళ్లను తిట్టనక్కర్లేదు, రోజూ వాడే పద్ధతి గురించి ఎవరూ చెప్పలేదని అర్థం. అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే అది ఈ మాత్ర కన్నా గట్టి అత్యవసర రక్షణ.

◆

ముట్టు చూడకుండానే మళ్లీ నెల తప్పవచ్చు. కాన్పు తర్వాత మొదటి నెలసరి కన్నా ముందే అండం విడుదల కావచ్చు. తల్లిపాలు కాపాడతాయన్న పెద్దవాళ్ల మాట మూడు షరతులతో నిజం: బిడ్డకు ఆరు నెలల లోపు వయసుండాలి, పగలూ రాత్రీ తల్లిపాలే ఇవ్వాలి, నెలసరి ఇంకా మొదలై ఉండకూడదు. ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే. గర్భస్రావం తర్వాతైతే రెండు వారాల్లోనే అండం విడుదల కావచ్చు.

వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతుకుతాయి. రోజులు లెక్కపెట్టుకునే పద్ధతి దెబ్బతినేది ఇక్కడే.

◆

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు నలభై దాటిన తెలుగువాళ్లందరికీ గుర్తుండే ఉంటాయి. 2000 దశకం మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా వెలిశాయి. దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అప్పుడు మనదొకటి. ఆ ప్రశ్న బస్సుల్లో, టీ కొట్లలో నలిగింది. జబ్బు పేరు గట్టిగా పలకడం జనం నేర్చుకున్నారు.

అప్పటికీ ఇప్పటికీ వచ్చిన పెద్ద మార్పు మందుల్లో ఉంది. 2004 నుంచి ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే ఉన్న మనిషి నుంచి లైంగికంగా హెచ్ఐవీ ఇతరులకు సోకదు. ఇక ప్రమాదం జరిగిందన్న అనుమానం ఉంటే, 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే సోకకుండా ఆపే అవకాశం చాలా ఎక్కువ. సిగ్గుపడి నాలుగు రోజులు ఆగితే ఆ తలుపు మూసుకుపోతుంది. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు.

మాత్ర, సూది, కాపర్-టీ, ఆపరేషన్ గర్భాన్ని ఆపుతాయి గానీ ఏ సుఖవ్యాధినీ ఆపవు. రెండు పనులూ చేసేది కండోమ్ ఒక్కటే. దుర్వాసన, దురద, రంగు మారిన తెల్లబట్ట ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లో ఉచితంగా మందులిస్తారు. భర్తకు కూడా మందు అవసరమని చెబితే తప్పకుండా వాడాలి. ఆయన వాడకపోతే ఆవిడకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, మళ్లీ ఆవిడే మందులు మింగుతుంది.

హెపటైటిస్-బి కూడా ఇలా లైంగికంగా సోకుతుంది, కానీ దానికి టీకా ఉంది. విదేశాల నుంచి వచ్చే ఆ టీకా ఖరీదు సామాన్యుడికి అందని రోజుల్లో, 1997లో, వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారు చేసి చౌకగా అందించింది.

◆

ఆశా వర్కర్ సంచిలో ఇవన్నీ ఉంటాయి: నిరోధ్, మాలా-ఎన్, ఛాయ, అత్యవసర మాత్ర, నెల తప్పిందో లేదో చూసుకునే 'నిశ్చయ్' కిట్. 2011లో ఇంటికే తెచ్చిచ్చే పథకం పెట్టినప్పుడు మూడు నిరోధ్‌లకు రూపాయి, నెల మాత్రలకు రూపాయి, అత్యవసర మాత్రకు రెండు రూపాయలు తీసుకోమన్నారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే అంతా ఉచితం.

◆

కు.ని. ఆపరేషన్‌కు భర్త సంతకం కావాలని చాలా చోట్ల అడుగుతారు. నిబంధనల్లో అది లేదు. చేయించుకునే మనిషి ఒప్పుకుంటే చాలు, మగవాళ్లకైనా అంతే. గర్భస్రావం విషయంలోనూ 18 నిండిన స్త్రీకి తన అంగీకారం తప్ప ఇంకెవరిదీ అక్కర్లేదు. 1971 నాటి చట్టంలో, గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భం గురించి రాసినచోట "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" అని ఉండేది. 2021 సవరణలో ఆ మాటలు తీసేసి "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని రాశారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి పెళ్లికాని స్త్రీలకూ పెళ్లయినవారితో సమానమైన హక్కు ఉందని తీర్పు చెప్పింది.